చిల్లకల్లు దాకా పోయిన నాలుగో చీటీ

మా గ్రంథాలయానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పేపర్ కోసం వస్తారు. మిగతావాళ్ళు ఫ్యాను కోసం వస్తారు. పుస్తకం కోసం వచ్చేవాళ్ళు అసలు లేరని కాదు, కానీ అలా ఎవరైనా వచ్చిన రోజు నాకు వారమంతా గుర్తుండిపోతుంది.

నేను ఉండేది నందిగామలో, ఉద్యోగం జగ్గయ్యపేటలో. రోజూ బస్సులో వచ్చిపోతుంటాను. గ్రంథాలయంలో ఉండేది ఇద్దరమే, నేనూ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మా అటెండరుగారూ. పొద్దున మేం తలుపు తీసేసరికే బయట ఒక పెద్దాయన నిలబడి ఉంటారు. ఆయన తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పేపర్లన్నీ వరసపెట్టి చదివి, అచ్చుతప్పుల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీసి, "ఇవాళ పదకొండు" అని నాకు చెప్పి వెళ్ళిపోతారు. ఆయన తర్వాత పోటీ పరీక్షలకి చదివే ముగ్గురమ్మాయిలు వస్తారు. వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటారు. గోడ పొడుగునా ఉన్న బీరువాల్లో కూడా పుస్తకాలున్నాయని వాళ్ళెప్పుడైనా గమనించారో లేదో నాకు అనుమానమే. ఒకసారి వాళ్ళలో ఒకమ్మాయి చరిత్ర పుస్తకాల బీరువా అద్దంలో చూసుకుంటూ పాపిడి సరిచేసుకుని వెళ్ళింది. ఆ బీరువా దగ్గరికి ఆ ఏడాదిలో వచ్చిన మొదటి మనిషి ఆమే.

మా చర్చిలో ఈస్టర్‌కి సండే స్కూలు పిల్లల చేత ఒక ఆట ఆడిస్తారు. బెంచీల కింద చీటీలు దాస్తారు. ఒక చీటీ దొరికితే దాంట్లో రెండోది ఎక్కడుందో రాసి ఉంటుంది. అలా పోగా పోగా చివర్లో చాక్లెట్లు. పిల్లలు ఆ చాక్లెట్ల కోసం బైబిల్ని ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిప్పేస్తుంటే చూసి, ఇదేదో మన దగ్గరా పెడితే బాగుండు అనిపించింది. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు దగ్గరకొచ్చేసరికి ఆ ఆట గుర్తొచ్చింది. ఏటా వక్తృత్వం పోటీ పెడతాం, ఏటా అదే పిల్లాడు అదే ఉపన్యాసం చెప్తాడు. ఈసారి మార్చేద్దాం అనుకున్నా.

మొత్తం అయిదు చీటీలు అనుకున్నా. పుస్తకం వీపు మీద అంటించే నంబరు దాని డోర్ నంబరు లాంటిదని, ఆ నంబరు తెలిస్తే ఏ పుస్తకాన్నయినా అడ్రసు పట్టుకుని వెళ్ళినట్టు వెళ్ళి తీసుకోవచ్చని జనానికి తెలియాలి. అంతవరకే నా ఆశ. బహుమతికి మా ఇంట్లో ఒక హాట్‌బాక్సు ఉంది. ఎవరిదో గృహప్రవేశానికి వెళ్తే ఇచ్చారు, అట్టపెట్టె కూడా విప్పలేదు. అదే నిధి.

బుధవారం నాడు పోస్టరు రాసి గేటుకి కట్టించా. "మన గ్రంథాలయంలో నిధి. శనివారం ఉదయం తొమ్మిదింటికి వెతుకుదాం రండి." ఆదివారం పెడితే సగం ఊరు చర్చిలో ఉంటుంది, నాతో సహా. శుక్రవారం మాకు సెలవు. అందుకని శనివారం.

మాస్టారుగారు పోస్టరు కింద నిలబడి చాలాసేపు చూశారు.

"తప్పేమన్నా ఉందా మాస్టారూ?" అన్నా.

"తప్పు లేదమ్మా. అదే నా భయం. చదివినవాళ్ళు నమ్ముతారు."

గురువారం సాయంత్రం ఒక కానిస్టేబుల్ వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు గుమ్మంలో ఆగాడు. ఈ పక్క ఊళ్ళల్లో గుప్తనిధులని చెప్పి పాత గుళ్ళ దగ్గరా గుట్టల మీదా తవ్వేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఎవరో స్టేషన్‌కి ఫోన్ చేసి, పేటలో లైబ్రరీ కింద తవ్వబోతున్నారని చెప్పారట.

"మేడం, ఇక్కడ నిధి ఉందని మీరే రాశారా?"

"నేనే రాశానండి."

"ఎక్కడుందో మీకు తెలుసా?"

"తెలుసండి. పెట్టేది నేనే."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. "ఎప్పుడు పెట్టారు?"

"ఇంకా పెట్టలేదండి. శనివారం పొద్దున పెడతా."

"పెట్టలేదంటే, ప్రస్తుతం ఆ నిధి ఎక్కడుంది?"

"మా ఇంట్లో, మంచం కింద."

రాయడం ఆపేసి నా వంక చూశాడు. అప్పుడు హాట్‌బాక్సు సంగతంతా చెప్పా. ఎన్ని లీటర్లదని అడిగాడు. కేసుకి అవసరమనుకుని చెప్పా. కాదట, వాళ్ళావిడ అలాంటిదే కొనమని ఏడాది నుంచి పోరుతోందట. "శనివారం నాకు మధ్యాహ్నం డ్యూటీ మేడం. పొద్దున పరిస్థితి చూడ్డానికి ఒకసారి వస్తా" అని వెళ్ళిపోయాడు.

ఆ హడావుడిలో నాలుగో చీటీ రాయడం మిగిలిపోయింది. అది గేదెల పెంపకం పుస్తకంలో పెట్టాలి. ఏం ప్రశ్న అడగాలో తోచక, ఆ పుస్తకం సంచీలో పడేసుకుని ఇంటికి తీసుకెళ్ళా. శుక్రవారం కూర్చుని చదివి, ప్రశ్న తయారుచేసి, చీటీ రాసి, పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పెట్టా. శనివారం పొద్దున హాట్‌బాక్సు జాగ్రత్తగా పట్టుకుని బస్సెక్కా.

తొమ్మిదయ్యేసరికి గేటు దగ్గర జనం బాగానే ఉన్నారు. సగంమంది నిజంగా తవ్వకం చూడ్డానికి వచ్చినవాళ్ళు. పలుగులూ పారలూ ఏవీ కనపడకపోయేసరికి ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. ఉన్నవాళ్ళలో మాస్టారుగారు ఒకరు, పోటీ పరీక్షల అమ్మాయిలు ముగ్గురు, మామూలు చొక్కాలో వచ్చిన కానిస్టేబుల్, ఇంకా ఒక అత్తాకోడళ్ళు. వాళ్ళది చిల్లకల్లు. పశువుల ఆస్పత్రికి మందు కోసం పేట వచ్చి, దారిలో పోస్టరు చూశారట. కోడలు చదివి చెప్పింది, అత్త నమ్మింది.

"నిధి దొరికితే గవర్నమెంటుకి ఇచ్చెయ్యాలా మేడమ్మా?" అందావిడ నాతో. పుట్టిల్లు కోదాడ వైపు, మాటలో ఆ యాస కొంచెం ఉంది. ఆవిడకి అక్షరం ముక్క రాదని ముందే చెప్పేసింది.

"లేదు పెద్దమ్మా, అది హాట్‌బాక్సు. గెలిచినవాళ్ళదే."

"ఎన్ని కిలోల అన్నం పడుతుంది?"

"రెండు కిలోలదాకా పడుతుంది."

ఆవిడ కోడలి వంక చూసి, "మందు మధ్యాహ్నం పోద్దాంలే బర్రెకి" అంది.

అమ్మాయిల్లో ఒకామె చెయ్యెత్తింది. "మేడం, నెగెటివ్ మార్కులు ఉంటాయా?"

మొదటి చీటీ నోటీసు బోర్డు మీదే ఉంది. నందిగామ పక్కగా పోయే ఏరు పేరేమిటో జిల్లా పటంలో చూసి, ఆ పేజీలో ఉన్న చీటీ తీయమని. మా దగ్గరున్న పటాల పుస్తకం పాతది. దాంట్లో నందిగామా పేటా ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. అమ్మాయిలు పుస్తకం తెరిచి, ఇది చెల్లదన్నారు. జిల్లాలు మారాయి కాబట్టి ప్రశ్నే తప్పట, మార్కు కలపాలట. కానిస్టేబుల్ వాళ్ళకి సర్దిచెప్పాడు, జిల్లా మారినా ఏరు మారలేదని. అంతలో కోడలు నెమ్మదిగా పటం మీద వేలు పెట్టి మునేరు వెంట పైకి వెళ్ళింది. ఇది మా అన్నయ్యగారి ఊరు, ఇది మా మేనత్తది అనుకుంటూ వెళ్తుంటే అత్తగారు పక్కన వంగి, ఆ గీతల్లో ఊళ్ళెలా ఉంటాయో అర్థంకాక, "మనిల్లెక్కడ?" అని అడుగుతోంది.

రెండో చీటీ దొరకగానే మాస్టారుగారు అది తీసుకుని, ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్ళీ అందరికీ వినిపించేలా చదివారు. మూడోది పచ్చళ్ళ పుస్తకంలో ఉంది. అక్కడి నుంచి ఆట సులువైపోయింది, కారణం మా అటెండరుగారు. చీటీలెక్కడున్నాయో ఆయనకి తెలుసు. పాపం నోరు విప్పలేదు, కానీ ఎవరైనా సరైన బీరువా వైపు వస్తుంటే ముందే వెళ్ళి దాని పక్కన నిలబడి, పైకప్పు చూసేవారు. కానిస్టేబుల్ ఇది కనిపెట్టాడు. నంబర్లు చూడ్డం మానేసి ఆయన వెనకాలే తిరగడం మొదలుపెట్టాడు.

నాలుగో చీటీ దగ్గర అందరూ ఒకేసారి పశువుల పుస్తకాల బీరువా మీద పడ్డారు. 636 నంబరు అరలో కోళ్ళున్నాయి, మేకలున్నాయి, కుందేళ్ళు కూడా ఉన్నాయి. గేదెలు లేవు. మా అటెండరుగారు బీరువా పక్కనే నిలబడి పైకప్పు చూస్తున్నారు కాబట్టి అక్కడే ఉండాలని అందరికీ నమ్మకం. రెండుసార్లు పుస్తకాలన్నీ దించి మళ్ళీ ఎక్కించారు. అప్పుడు నాకు మా ఫ్రిజ్ కళ్ళముందు కనపడింది.

పక్కకి వెళ్ళి మా ఆయనకి ఫోన్ చేశా. ఆయనకి నందిగామలో మోటార్లు రిపేరు చేసే షాపుంది. పెళ్ళయ్యాక ఆయన చేతిలో పుస్తకం నేను చూడలేదు.

"ఏవండీ, ఫ్రిజ్ మీద ఒక పుస్తకం ఉంటుంది చూడండి."

"గేదెలదా? నా దగ్గరే ఉంది. షాపుకి తెచ్చుకున్నా. ఇది ఎవరు రాశారే, బ్రహ్మాండంగా రాశాడు."

"దాంట్లో చీటీ ఉంటుంది, ఏమని రాసుందో చదవండి."

నా వెనక అమ్మాయిలు ముగ్గురూ నిలబడి ఉన్నారని నేను చూసుకోలేదు. "మేడం, ఫోన్లో చదివిస్తే పేపర్ లీకైనట్టే" అంది ఒకామె, చాలా గంభీరంగా. మొత్తం ఆట రద్దు చేయాల్సి వస్తుందని రెండో ఆమె అంది. కానిస్టేబుల్ కూడా అది నిజమేనన్నాడు. ఇంకో చీటీ రాసి మేకల పుస్తకంలో పెట్టేసి ఉండొచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ క్షణంలో తట్టలేదు. "పుస్తకం పట్టుకుని వెంటనే బస్సెక్కండి" అన్నా.

ఆయన ఎక్కారు. కానీ పల్లెవెలుగు వచ్చేదాకా ఆగకుండా హైదరాబాదు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. పుస్తకంలో పడి కండక్టరు చెప్పింది వినలేదట. అది పేట ఊళ్ళోకి రాదు. హైవే మీద చిల్లకల్లులో దింపేసింది. అక్కడి నుంచి ఫోన్ చేశారు. "షేర్ ఆటోలో కూర్చున్నా. ఇంకా ఇద్దరు రావాలంట. వచ్చాక బయల్దేరతాడు."

పావుగంట చూశాం. ఆటో నిండలేదు. మళ్ళీ చేస్తే, ఉన్న ఇద్దరిలో ఒకరు దిగిపోయారని చెప్పారు.

"చిల్లకల్లే కదా, మా ఊరే. పోదాం పదండి" అంది పెద్దమ్మ.

నేను వద్దనే లోపు అంతా బయటికొచ్చేశారు. కానిస్టేబుల్ బండి మీద ముందు, వెనక ఆటోలో అమ్మాయిలు, అత్తాకోడళ్ళు, మాస్టారుగారు, డ్రైవరు పక్కన ఒరిగి నేను. గ్రంథాలయానికి అటెండరుగారిని కాపలా పెట్టా. ఆయన గేటు దాకా వచ్చి, "నేనిప్పుడు ఎక్కడ నిలబడాలి మేడం?" అని అడిగారు.

చిల్లకల్లులో మా ఆయన ఆటోలో లేరు. స్టాండు ఎదురుగా టీ బడ్డీ దగ్గర బెంచీ మీద కూర్చుని పైకి చదువుతున్నారు. చుట్టూ నలుగురు రైతులు టీ గ్లాసులు పట్టుకుని వింటున్నారు. ఆటో డ్రైవరు కూడా అక్కడే ఉన్నాడు. ఆటో నిండకపోవడానికి కారణం అదీ. ఎక్కాల్సినవాళ్ళంతా బడ్డీ దగ్గర ఆగిపోయారు.

"ఈనే ముందు గేదె తరచుగా లేస్తూ పడుకుంటూ ఉంటుంది" అని చదివారు మా ఆయన.

"తప్పు" అంది పెద్దమ్మ ఆటోలోంచి దిగుతూనే. "ముందు మేత మానేస్తది. లేవడం పడుకోవడం ఆ తర్వాత."

"అది కింద రాశాడండి, ఇంకా అక్కడిదాకా రాలేదు."

"అయితే అది ముందు రాయాలి."

రైతులు రెండు జట్లయ్యారు. ఒకాయన పుస్తకం వైపు, ముగ్గురు పెద్దమ్మ వైపు. మాస్టారుగారు ఈ గొడవలో కలవకుండా టీ బడ్డీ బోర్డు మీద 'అల్లం టీ'లో ఒక 'ల' ఎక్కడికి పోయిందో యజమానిని అడుగుతున్నారు. నేనెంత చెప్పినా ఎవరూ వినట్లేదు. చివరికి కానిస్టేబుల్ గొంతు పెంచి, "చీటీ" అన్నాడు. అందరూ ఆగారు.

చీటీ మా ఆయన జేబులో ఉంది. ఎంతవరకు చదివారో గుర్తుకి అది పేజీలో పెట్టుకున్నారట, తర్వాత గాలికి పోతుందని జేబులో పెట్టుకున్నారట. కోడలు దాన్ని చదివింది. "దూడ పుట్టిన గంటలోపు దానికి తాగించాల్సిన పాలని ఏమంటారు? పుస్తకంలో చదివి తెలుసుకోండి. ఆ మాటని పెద్ద నిఘంటువులో వెతకండి."

అమ్మాయిలు పుస్తకం లాక్కుని విషయసూచిక తెరిచారు.

"ముర్రుపాలు" అంది పెద్దమ్మ. "దానికి బుక్కెందుకు? కొందరు పారబోస్తారు ఎదవలు. దూడకి అవే ప్రాణం."

అమ్మాయిలు పుస్తకం మూసి, ఎదురుగా పేట వైపు వెళ్తున్న ఇంకో ఆటో ఆపి ఎక్కేశారు. కానిస్టేబుల్ బండి స్టార్ట్ చేశాడు, అది స్టార్ట్ కాలేదు. మా ఆయన వంగి ప్లగ్గు చూడ్డం మొదలుపెట్టారు. మేం వచ్చిన ఆటోలో నేనూ అత్తాకోడళ్ళూ ఎక్కాం. మాస్టారుగారిని పిలిచాను. బోర్డుకి పెయింటు తెప్పిస్తున్నారని, తర్వాత వస్తానని చెయ్యి ఊపారు.

మేం వెళ్ళేసరికి అమ్మాయిలు నిఘంటువు మీద వంగి చెమటలు కక్కుతున్నారు. వాళ్ళకి ఇంగ్లీషు డిక్షనరీ అయితే క్షణంలో పని. ఇక్కడ 'మ' దొరికింది, దాని తర్వాత దారి తెలియట్లేదు. 'ము' ముందొస్తుందా 'మె' ముందొస్తుందా అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. ఒకామె ఫోన్ తీసింది, రెండో ఆమె అది కాపీ కొట్టడమంది. దాంతో వాళ్ళల్లో వాళ్ళకి మాటా మాటా పెరిగి పుస్తకం వదిలేశారు.

కోడలు వెళ్ళి దాని ముందు నిలబడింది. పదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల. కాసేపు చేతులు వెనక్కి పెట్టుకుని చూసి, నెమ్మదిగా పైకే మొదలుపెట్టింది. "మ, మా, మి, మీ, ము." ఒక్కో అక్షరానికి ఒక్కో బొత్తి పేజీలు తిప్పుతోంది. 'ము'లోకి వచ్చాక వేలు పెట్టి, "ముక్కు, ముగ్గు, ముద్ద, మున..." అనుకుంటూ దిగింది. అత్తగారు పక్కన నిలబడి, ఒక్క అక్షరం చదవలేకపోయినా, "కిందికి, ఇంకొంచెం కిందికి" అంటోంది. అమ్మాయిలు కూడా గొడవ ఆపి వచ్చి చుట్టూ నిలబడ్డారు.  ఆ నిఘంటువుని అంతమంది ఒకేసారి చూడ్డం నేనెరగను.

"ముర్రు" అంది కోడలు. చివరి చీటీ ఆ పేజీలోనే ఉంది. తలుపు వెనక పాత పేపర్ల కట్టల మధ్య చూడమని.

కట్టలు తీశాం. హాట్‌బాక్సు ఉంది. పెద్దమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి, "బరువుగా ఉందే" అంది. ఖాళీ హాట్‌బాక్సు అంత బరువుండదు. మూత తిప్పింది. లోపల పులిహోర ఉంది. వేరుశనగ గుళ్ళతో, కరివేపాకుతో, ఇంకా వేడిగా.

నేను అటెండరుగారి వంక చూశా. ఆయన ఈసారి కూడా పైకప్పు చూస్తున్నారు.

"మా ఆవిడ ఇవాళ ఎక్కువ చేసి పంపించింది మేడం" అన్నారు చివరికి. "క్యారేజీ పట్టక గిన్నెలో వచ్చింది, చల్లారిపోతుందనిపించింది. అది ఖాళీగా ఉంది కదాని. మీరు చిల్లకల్లు నుంచి వచ్చేలోపు తినేసి కడిగి పెడదామనుకున్నా."

"నిధి అన్నాక ఏదో ఒకటి ఉండాలిగా లోపల" అంది పెద్దమ్మ. ఆవిడే పాత పేపర్లు పరిచి అందరికీ పెట్టింది. మొదటి ముద్ద అటెండరుగారికే పెట్టింది. కానిస్టేబుల్, మా ఆయన, మాస్టారుగారు ముగ్గురూ ఒకే బండి మీద వచ్చేసరికి అడుగున కొంచెమే మిగిలింది. కానిస్టేబుల్ తింటూ హాట్‌బాక్సుని చుట్టూ తిప్పి చూశాడు. వేడి బాగానే ఆగుతోందని మెచ్చుకుని, స్టేషన్‌లో ఏం రాయాలని నన్నడిగాడు. "నిధి దొరికింది, పంచబడింది అని రాయండి" అన్నారు మాస్టారుగారు. 'పంచబడింది' తెలుగు కాదని మళ్ళీ ఆయనే దిద్దుకున్నారు.

ఆ వారం తర్వాత మా ఆయనకి బర్రెని కొనాలనే పిచ్చి పట్టుకుంది. మేం అద్దెకుండేది రెండో అంతస్తులో. మెట్లు ఎలా ఎక్కిస్తారని అడిగితే, పుస్తకంలో ఆ అధ్యాయం లేదని ఒప్పుకున్నారు. పోటీ పరీక్షల అమ్మాయిలు రోజూ అయిదు నిమిషాలు నిఘంటువు ముందు నిలబడి మాట వెతికే పందెం వేసుకుంటున్నారు. అది పరీక్షలో వస్తుందా అని ఇంకా అడుగుతూనే ఉన్నారు, నేను వస్తుందనే చెప్తున్నా.

కోడలు సభ్యత్వం తీసుకుంది. పశువుల పుస్తకం ఇవ్వబోతే వద్దంది. ఇంట్లో ఉన్నవి చాలట. హత్య ఎవరు చేశారో చివరి పేజీ దాకా తెలియని నవల ఒకటి తీసుకెళ్ళింది. సాయంత్రాలు అత్తగారు పాలు పితుకుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపిస్తోందట.

మొన్న పేట బస్టాండులో పెద్దమ్మ నన్ను చూసి గబగబా వచ్చింది. "మేడమ్మా, ఆ డాక్టరే కదా చంపింది? మా కోడలికి తెలుసు, చెప్పట్లేదు. రోజుకి నాలుగు పేజీలే చదువుతోంది."

నేనా నవల చదవలేదు. ఆ మాట గ్రంథాలయం మేడం నోటి నుంచి ఎలా వస్తుంది? "ఇప్పుడే చెప్తే ఏం బాగుంటుంది పెద్దమ్మా, చివరిదాకా వినండి" అని చెప్పి నందిగామ బస్సెక్కేశా. మర్నాడు వెళ్ళగానే దాని రెండో కాపీ ఉందేమోనని బీరువాలో వెతికా. ఉంది. డాక్టరు మీద నాకూ అనుమానంగానే ఉంది.